డ్యాష్ ఎఫ్ పెట్టిన సారు

మా సారు జగిత్యాలలో కోచింగ్ సెంటర్ నడిపిన రోజుల్లో చెకౌట్ అనే కంప్యూటర్ కమాండ్ ఆప్షన్లను ఎక్కాల్లా బట్టీ పట్టించేవాడట. బుగ్గారం నుంచి, మల్లాపూర్ నుంచి బస్సు పట్టుకొని వచ్చిన పిల్లలు రేకుల షెడ్డులో కూర్చొని, "డ్యాష్ బి అంటే కొత్త బ్రాంచి, డ్యాష్ పి అంటే ముక్కముక్కకు అడిగి తీసుడు, డ్యాష్ ఎఫ్ అంటే ఫోర్సు" అని ఒకే గొంతుతో వల్లించేవాళ్ళట. కంప్యూటర్లేమో పక్క గదిలో దుప్పట్లు కప్పుకొని ఉండేవి. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయని ఆయన భయం. బోర్డు మీద ఈత నేర్పిన మనిషిని తెచ్చి చెరువుకు కాపలా పెట్టినట్టు, ఆయన్ను సిరిసిల్లకు తెచ్చి మా మీద మేనేజరుగా కూర్చోబెట్టారు.

నాది కోరుట్ల. హైదరాబాదులో కొన్నేళ్ళు ఇదే పని చేసి, అక్కడి అద్దెలతో, ట్రాఫిక్‌తో విసిగి ఇంటికి వచ్చేశాను. రోజూ వేములవాడ మీదుగా బస్సులో సిరిసిల్ల వెళ్ళేదాన్ని. మా ఆఫీసు ఒక చీరల గోదాం మీద కట్టిన పొడుగాటి గది. గోదాం ఓనరే మాకూ ఓనరు, అందరూ ఆయన్ను సేటు అనేవాళ్ళు. పక్క సందులో మరమగ్గాలు పొద్దున మొదలుపెడితే గట్టిగా అరిచి మాట్లాడుకోవాల్సిందే. చీర అంచు మీద వచ్చే బొమ్మను మగ్గానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాం మేం రాసేది. రాసేది ఇద్దరం, నేనూ ఒక కొడిమ్యాల అమ్మాయీ. పెత్తనం చేసేది ఒక్కడు, మా సారు.

మేం రాసినదంతా ఒకే చోట, పాతదీ కొత్తదీ పోకుండా, బ్రాంచీలనే వేర్వేరు కొమ్మలుగా దాచి ఉంటుంది. దాంట్లోంచి కావలసిన ఫైళ్ళను మన మెషీన్ మీదికి తెచ్చుకోవడమే చెకౌట్. అలా తెచ్చుకునేటప్పుడు, మనం రాసి ఇంకా దాచని పని పాడయ్యేలా ఉంటే మెషీన్ ఒప్పుకోదు. నీ మార్పులు పోతాయి, ముందు వాటిని దాచుకో అని చెప్పి ఆగిపోతుంది. ఆ ఆఫీసు మొత్తంలో మర్యాద తెలిసినది ఏదన్నా ఉందంటే ఆ హెచ్చరిక ఒక్కటే. దాన్ని కాదని వెనకాల డ్యాష్ ఎఫ్ తగిలిస్తే ఇక అడగదు, చెప్పదు, ఉన్నదాన్ని తుడిచి పాతది తెచ్చి పెడుతుంది.

సారుకు ఆ హెచ్చరిక గిట్టలేదు. మెషీన్ వద్దన్నప్పుడల్లా ఆ అమ్మాయి లేచి వెళ్ళి ఆయన్ను పిలిచేది. ఆయన కుర్చీలోంచి లేవాలంటే ఎవరో చేయి పట్టి లేపాలి. అందుకని ఒకరోజు మా రెండు మెషీన్ల ముందూ కూర్చొని ఏదో గెలికి, సీ ఓ అని రెండక్షరాలు కొడితే చాలు చెకౌట్ అయిపోయేలా పెట్టాడు.

"ఇగ అది ఎదురు మాట్లాడది. నన్ను పిల్వకుండ్రి," అన్నాడు.

విప్పి చూస్తే ఆ రెండక్షరాల వెనక డ్యాష్ ఎఫ్ కూర్చొని ఉంది. వెళ్ళి చెప్పాను. "హైదరాబాద్ తెలివి హైదరాబాద్‌ల పెట్టుకో అమ్మా," అన్నాడు. నా మెషీన్‌లో నేను తీసేసుకున్నాను. పైగా ఆయనదే ఇంకో నియమం ఉంది. తను చూడకుండా మేం ఏ పనీ లోపల దాచకూడదు. అదే మా భాషలో కమిట్. చూడండి సార్ అంటే రేపంటాడు, రేపడిగితే సోమవారం అంటాడు. అంటే మా పని రోజుల తరబడి గాలిలో దీపం, పక్కనే ఊదేవాణ్ణి కూర్చోబెట్టింది కూడా ఆయనే. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే బాపతు అనుకునేదాన్ని. ఆయన్ను తిట్టుకోకుండా నేను బస్సు దిగిన రోజు లేదు.

కొడిమ్యాల అమ్మాయి ఆయన పాత శిష్యురాలే. ఆప్షన్లన్నీ నోటికి వచ్చు, పైగా పని చేయడం తనంత తనే నేర్చుకుంది. నాన్న కూలికి వెళ్తాడు, అమ్మ బీడీలు చుడుతుంది. ఒక మధ్యాహ్నం అన్నం తింటుంటే, నీ దాంట్లోంచి కూడా ఆ దరిద్రాన్ని తీసేస్తానన్నాను.

"వద్దక్కా. సారు ఎన్కనుంచి చూస్తడు. ఆర్నెల్లు నిండితె సేటు నన్ను పక్కా చేస్తనన్నడు. లేకుంటె మల్ల అమ్మ పక్కపొంటి కూసొని చాట ముందలేసుకునుడే. గందాక ఆయన చెప్పినట్టే ఉంట."

"మరి పని పోతే?"

"నా పని కమిట్ గానంత సేపు గా రెండక్షరాలు నేను ముట్టనే ముట్ట."

అన్న మాట ప్రకారమే ముట్టుకోలేదు. చీర నేయకముందే దాని అంచు ఎలా వస్తుందో రంగులతో సహా చూపించే స్క్రీను ఆమెకు అప్పజెప్పారు. పాత ఫైళ్ళలోనే కూర్చొని మళ్ళీ మళ్ళీ రాసి, చెరిపి, చివరికి ఎంత బాగా తెచ్చిందంటే, నెమలి అంచు తెరమీద చూసి నాకే ఆ చీర కొనుక్కోవాలనిపించింది. కమిట్ చేస్తానని సారును అడిగింది. "సేటు చూసినంక జేద్దాం తీ," అన్నాడు.

సేటు ఒక మధ్యాహ్నం పైకి వచ్చాడు. మగ్గాల దగ్గర పుట్టి పెరిగిన పెద్దమనిషి, కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు, తెలుసని నటించేవాడూ కాదు. అమ్మాయిని పక్కా చేసే సంగతి ఆ రోజే తేలుతుందని మాకందరికీ తెలుసు.

"ముందుగాల పాతది సూపెట్టుండ్రి. గప్పుడు కొత్తదాంట్ల ఏమున్నదో తెలుస్తది," అన్నాడు సేటు.

అడిగినదాంట్లో తప్పేమీ లేదు. అమ్మాయి నోరు తెరిచేలోపే సారు, "లే బిడ్డా లే," అని ఆమెను లేపి ఆ కుర్చీలో కూర్చున్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. సేటు ఎదురుగా ఉంటే ఆ మనిషికి ఎక్కడలేని హుషారు వస్తుంది. "సార్, ఆగుండ్రి," అని అమ్మాయి అంటూనే ఉంది. ఆయన రెండక్షరాలు కొట్టి, పాత బ్రాంచి పేరు కొట్టి, ఎంటర్ నొక్కాడు. పాత స్క్రీను వచ్చింది. సేటు తల ఊపాడు. కొత్తదానికి తిరిగి వచ్చేసరికి నెమళ్ళు లేవు, రంగులు లేవు. ఎప్పుడో మొదట్లో కమిట్ చేసిన బోసి గళ్ళు మాత్రం ఉన్నాయి.

అమ్మాయి మొహంలో రక్తం లేదు.

సారు ఒక్క క్షణం తెర వంక చూశాడు. తర్వాత సేటు వైపు తిరిగి, "గింతే జేసింది సేటు. నేను జెప్తనే ఉన్న, ఈ పిల్ల దిక్కెల్లి జర లేటయితున్నదని," అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఈయన మద్దెలను తన్ని పగలగొట్టి, పక్కవాళ్ళకు ఆట రాదన్నాడు.

నేను ఊరుకోలేకపోయాను. పొద్దున ఆ స్క్రీను నా కళ్ళతో చూశానని, ఇప్పుడు సారు కొట్టిన రెండక్షరాలే దాన్ని తుడిచేశాయని సేటుకు చెప్పాను.

"గా కమాండ్ ఏం చెయ్యది. ఏండ్ల సంది కొడుతున్న నేను. నా దాంట్ల ఎన్నడన్న పోయిందా?" అన్నాడు సారు.

అమ్మాయి అప్పటిదాకా తలవంచుకొని ఉంది. మెల్లగా అంది, "అయితె మీ దాంట్ల గూడ కొట్టి సూపియ్యుండ్రి సార్."

"కొట్టు, ఏం పోతది," అన్నాడు సేటు.

సారు తన బల్ల దగ్గరికి వెళ్ళాడు, మేము వెనకాల నిలబడ్డాం. ఆయన మెషీన్‌లోనూ సగం చేసి దాచని పని ఉంది. వేళ్ళు తడబడకుండా చెకౌట్ అని పూర్తి మాట కొట్టాడు, డ్యాష్ ఎఫ్ లేకుండా. నీ మార్పులు పోతాయి, ముందు దాచుకో అని మెషీన్ ఆగిపోయింది.

"అది గాదు సార్," అంది అమ్మాయి. "మాకు పెట్టిన రెండక్షరాలు."

ఆయన మెడ వెనక చెమట కనిపించింది. సీ ఓ అని కొట్టాడు. కమాండ్ నాట్ ఫౌండ్ అని వచ్చింది. అసలు ఆ మెషీన్‌లో అలాంటిది లేనే లేదు.

"ఏమన్నది?" అని సేటు నన్ను అడిగాడు.

"సారు మెషీన్ ఆయన్ను అడిగి తీస్తుంది సేటు. మాకు మాత్రం అడగకుండా తీసేది పెట్టాడు. దాన్ని తన దాంట్లో పెట్టుకోలేదు."

సేటు సారును ఎగాదిగా చూశాడు. తర్వాత, "అంటే నీ ఇంటికి గొళ్ళెం ఏసుకొని, మంది ఇండ్లకు తలుపులు పీకినవన్నట్టు," అన్నాడు. అమ్మాయి వైపు తిరిగాడు. "మల్ల చేస్తవా బిడ్డా?"

"చేస్త సేటు. కని నేను చేసింది ఏ రోజుది గా రోజు నేనే కమిట్ చేసుకుంట. నా దాంట్లకెల్లి గది తీసెయ్యాలె."

"తీస్తడు. నువ్వు రేపటి సంది పక్కా," అన్నాడు సేటు.

సారు వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. నేను పక్కనే నిలబడి చూశాను. ఆ రెండక్షరాలు పెట్టిన లైను ఏ ఫైల్లో, ఎక్కడుందో వెతకలేదు, తిన్నగా వెళ్ళి తీసేశాడు. చేతకాక, తెలియక పెట్టాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. తెలిసి పెట్టాడు. ఏం పోతుందో తెలుసు కాబట్టే తన దగ్గర పెట్టుకోలేదు. ఆ రోజు నుంచి ఆయన్ను మూర్ఖుడు అనడం మానేశాను. నాకు తెలిసిన మూర్ఖులు చాలామంది మంచివాళ్ళు, వింటే బాధపడతారు.