దర్జీ పిన్ని పెరట్లో ట్యాంకు

వీధంతా పిన్ని అని పిలిచే ఆ దర్జీ, పెరట్లో గ్యాసు ట్యాంకు పెట్టించుకున్ననాటి నుంచీ సుఖపడింది లేదు. పెరడు ఆవిడది, ట్యాంకు కంపెనీది. వేరేచోట గ్యాసు చవగ్గా దొరికినా అందులో పోయించుకోకూడదు.

ఒంటి మనిషి, ఎంతని వండుకుంటుంది? ఏడాది తిరిగేసరికి గ్యాసు బండి డ్రైవరు వచ్చి మీటరు చూశాడు.

"ఒప్పందంలో ఉన్నదానికన్నా తక్కువ వాడారు పిన్నిగారూ. జరిమానా పడింది."

"వాడని గ్యాసుకీ డబ్బులా? మీ కంపెనీ దుంపతెగ!"

"నన్ను తిట్టకండి, నేను పోసేవాణ్ణే."

జరిమానా కట్టింది. మళ్ళీ పడుతుందన్న భయంతో, నీళ్ళు తనింట్లోనే కాచుకోమని వీధిలో అందరికీ చెప్పింది. పొద్దున్నే గిన్నెలతో ఆడవాళ్ళు బారులు తీరేవారు. ఆ సందట్లో పిన్నికి కుట్టుపని సాగేది కాదు.

మరుసటేడు డ్రైవరు మీటరు చూసి నసిగాడు. "ఈసారి హద్దు దాటిందండీ. పైదానికి రేటు ఎక్కువ."

పిన్ని గుమ్మంలో కూలబడింది. "ఎంత వాడితే మీవాళ్ళ కడుపు నిండుతుందో చెప్పు నాయనా. వద్దులే, ట్యాంకే పట్టుకుపో."

"తీసినందుకూ కట్టాలండీ."

"కడతాలే. కట్టీ కట్టీ విసిగిపోయాను. ఇదొక్కటీ కట్టేసి కాసేపు పడుకుంటాను."