పాలదాలి మీది కుండ

మా అమ్మ మాట తేనె. ఆ తేనె నమ్మి నా స్నేహితురాలిని మా ఊరు పెనుగొండ తీసుకెళ్ళాను చూడండి, నన్ను అనాలి.

డెబ్భైల చివర్లో విశాఖలో ఇద్దరం చరిత్రలో పరిశోధన చేసేవాళ్ళం. హాస్టల్లో ఒకటే గది. ఆమె కేరళ తీరపు యూదుల పిల్ల. మధ్యయుగంలో తన పూర్వులు కాపురమున్న వీధిని తవ్వితే దొరికిన వంటింటి పెంకులే ఆమె థీసిస్. ఏ కుండలో పాలు కాచారో, దేన్లో మాంసం వండారో అడుగు మసి చూసి పట్టుకోవాలి. వాళ్ళకి ఆ రెండూ కలవకూడదట. కలిస్తే ఇత్తడి గిన్నెను మరిగే నీళ్ళలో ముంచి వాడుకోవచ్చు, మట్టికుండనైతే పగలగొట్టాల్సిందే. "మా ఇంట్లోనూ మైల తగిలితే అంతేగా!" అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం.

పెంకులు చూసీ చూసీ, వాడుకలో ఉన్న కుండకు మసి ఎలా పడుతుందో చూడాలని ఆమెకు మహా ఆశ. మా ఇంట్లో పాలు దాలి మీదే, పిడకల సెగన ఎర్రగా కాగేవి. వంటింట్లోకి రానిస్తావా అని అమ్మను ముందే అడిగాను. "అయ్యో, అదేం మాటే! చదువుకునే పిల్ల, చూసుకోనీ" అంది.

"రండమ్మా, మొహమాటపడకండి, మీ ఇల్లే అనుకోండి" అంటూ అమ్మే దారి చూపించింది. ఆమె దాలి ముందు గొంతుక్కూర్చుని, మసిగుడ్డతో కుండను కాస్త పైకెత్తి, అడుగు చూసి, పదిలంగా దించింది. "ఇదిగో, ఈ మసి చారే! మా పెంకుల మీదా ఇదే!" అని ఎంత సంబరపడిందో! అమ్మ నవ్వుతూనే ఉంది.

పెరటి వసారాలో ఆమెకు విస్తరి వేసి అన్నం వడ్డించింది. ఆమె రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా, అమ్మ ఆ కుండను పట్టుకుని మా ముందునుంచే పెరట్లోకి నడిచింది. మినపగింజ కిందపడితే ఏరుకునే మనిషి, కుండెడు పాలూ పెంటకుప్ప మీద పారబోసింది. కుండను బట్టలుతికే రాయికేసి కొట్టింది. నూతి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి, "ఇంకాస్త పప్పు వేసుకోండమ్మా, ఏం తినట్లేదు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏంటమ్మా ఇది! సిగ్గులేదూ?" అని అరిచాను.

"ఏం చేశానే? పాలు విరిగిపోయాయి" అంది, రెప్ప వాల్చకుండా.

నా స్నేహితురాలు మెతుకు వదలకుండా తింది. చెయ్యి కడుక్కుని, వచ్చీరాని తెలుగులో నాతో అంది:

"మా అమ్మ కూడా పగలగొట్టేదే. కానీ నువ్వు బస్సెక్కేదాకా ఆగేది."