నత్తరాయి రెండో సగం

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. కొత్తకోటలో హైవే పక్కన ఇరవై ఏళ్లుగా పంక్చర్లు వేస్తున్నాను. యాక్సిడెంటైన లారీల చక్రాలు ఒంటరిగా విప్పాను. ఏ దయ్యమూ వచ్చి నా భుజం తట్టలేదు. అయినా ఈ సంగతి చెప్పక తప్పడం లేదు.

మాది వీపనగండ్ల దగ్గర పల్లె. నేను పుట్టకముందు అమ్మా నాయనా మట్టి పనికి గుజరాత్‌లోని కచ్‌కు పోయారు. అప్పట్లో పని కోసం పాలమూరు జనం పోని దేశం లేదు. అక్కడ కాలువ తవ్వుతుంటే బండల్లో గవ్వలు, నత్తలు రాయైపోయి కనిపించేవట. ఒకప్పుడు ఇదంతా సముద్రమని ఇంజనీరు చెబితే, తాగడానికి నీళ్లు లేని చోట సముద్రమేందని మావాళ్లు నవ్వుకున్నారట.

ఆ పనికాడే జ్వరమొచ్చి మా అక్క పోయింది. ఏడాది నిండని పిల్ల. పూడ్చిన చోట గుర్తు పెట్టాలని అమ్మ గడ్డపారతో బండను కొడితే, అరచేతంత ముక్క ఊడి రెండుగా చీలింది. ఒక సగంలో నత్తచుట్ట ఉబ్బెత్తుగా ఉంది, రెండో దానిలో దాని అచ్చు గుంటగా పడింది. గుంట ఉన్నదాన్ని అక్క దగ్గర పెట్టి, ఇంకోటి ఇంటికి తెచ్చుకుంది.

అది మా దేవుని గూట్లో ఉంటుంది. చిన్నప్పుడు దానితో చింతగింజలు కొట్టినందుకు నా వీపు విమానం మోత మోగింది. పెద్దయ్యాక కూడా ‘నీ నత్తదేవుడు ఏమంటున్నడు’ అని అమ్మను ఏడిపించేవాణ్ణి. ఆమె మాత్రం ఏటా ఒకటే అడిగేది.

“ఒక్కపారి నన్ను ఆడికి తీస్కపోరా. దాన్ని సూసొస్త.”

పని తగ్గనీ అనేవాణ్ణి. పని తగ్గలేదు, అమ్మ మోకాళ్లు అరిగిపోయాయి.

పోయిన ఎండాకాలం, పట్టపగలు, ఒక టైల్స్ లారీ వచ్చి ఆగింది. వెనక జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుంది. మాకిది రోజూ ఉండేదే. సుత్తితో కొడితే కింద పడింది. పారేయబోతూ చూశాను. నత్తచుట్ట అచ్చు. అంచున సగం గడ్డపార గాటు, ఇంట్లో ఉన్నదాని అంచున ఉన్నట్టే.

డ్రైవర్‌ను అడిగాను. గుజరాత్ నుంచే వస్తున్నాడు గానీ కచ్ వైపు ఎన్నడూ పోలేదట. వెనక టైర్లు ముందురోజే హైదరాబాద్‌లో కొత్తవి వేయించాడట. నిజమే, కొత్త టైరు మీద ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా అరగలేదు.

షాపు మూసి బండి మీద ఇంటికి పోయాను. రెండు సగాలూ కలిపితే మధ్యలో గోరు దూరే సందు లేదు. గాటు కూడా ఒకదాని నుంచి ఇంకోదానికి తిన్నగా సాగింది. నేను గబుక్కున వాటిని కింద పెట్టేశాను. అమ్మకు భయమే లేదు. దాన్ని కడిగి, పసుపు రాసి, ఒళ్లో పెట్టుకుని గదమాయించింది.

“ఇన్నేండ్లు యాడ తిరిగినవే బిడ్డా? బువ్వ యాళకన్న రావొద్దా?”

తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అక్కడ అలాంటి రాళ్లు లెక్కలేనన్ని ఉంటాయి, ఏదో ఒకటి కలిసిందనుకుందామంటే ఆ గాటు ఒప్పుకోదు. అంత దూరం నుంచి కొత్త టైర్ల మధ్యకు అదెలా చేరిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు నుంచి అమ్మ తీసుకుపొమ్మని అడగడం లేదు. “నువ్వు తీస్కపోకుంటే ఏమాయె, మీ అక్కనే వచ్చె” అంటుంది. నన్ను ఓదార్చడానికే అంటుంది. ఆ మాట అన్నప్పుడల్లా నేను లేచి బయటికి పోతాను.