తరుగు పోను సైకిలు

ఆ రోజుల్లో నాకు ఏ పనైనా మొదలుపెట్టడమంటే మహా సంబరం. పూర్తి చేయడమనే రెండో ఘట్టం కూడా ఒకటి ఉంటుందన్న సంగతి మాత్రం సమయానికి గుర్తొచ్చేది కాదు. (ఆ రోజుల్లో అంటే ఎడ్లబండ్ల కాలం అనుకోకండి. ఏడెనిమిదేళ్ల కిందటి మాట, నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు.) కౌజు పిట్టలు పెంచుతానని బోను సగం అల్లాను. గిటారు నేర్చుకుంటానని మూడు తీగలు బిగించాను. ఇంటి ముందు గోడకు రంగు వేస్తానని నిచ్చెన ఎక్కి, ఎడమ పక్క అయిపోగానే టీ తాగడానికి దిగాను. ఆ గోడ కుడి పక్క ఇప్పటికీ నా కోసం ఎదురుచూస్తోంది. ఇవన్నీ చూసి చూసి మా బాపు నాకు 'సగం' అని పేరు పెట్టాడు. తిట్టుగా పెట్టినా బాగుండేది. "సగం తిన్నడా?", "సగం ఇంక లేవలేదా?" అని మామూలు పేరు పలికినట్టే పలికేవాడు. చూస్తుండగానే వాడకట్టంతా అదే పిలుపు. రేపు నా పెళ్లి పత్రికలో కూడా అదే అచ్చేయిస్తారేమోనని నాకు నిజంగానే దిగులు పట్టుకుంది.

మా బాపు జనగామలో పత్తి కొనే ఒక సేటు దగ్గర కాంటా వేసేవాడు. బస్తా కాంటా మీద పడగానే అంకె చదవడం, తడికీ గోనెసంచికీ కలిపి తరుగు తీయడం, మిగిలినది చిట్టీ రాసేవాడికి వినపడేలా చెప్పడం ఆయన పని. "నలభై రెండు. తరుగు ఒకటి. నలభై ఒకటి." ముప్పయ్యేళ్లుగా ఒకే ఊపిరి, ఒకే రాగం. ఇంట్లో అవ్వ (మా అమ్మే, మేం అవ్వ అని పిలుస్తాం) అంగడి నుంచి వంకాయలు తెస్తే, సంచి చేత్తో లేపి చూసి దానికీ తరుగు తీసేవాడు. ఆయన లెక్కలో లోకంలో ఉన్నవి రెండే రకాలు, తూగేవీ తూగనివీ. తూగనిది సరుకే కాదు.

అటువంటి మనిషి కడుపున పుట్టి నేను బరువు లేని సైకిలు మీద మనసు పడ్డాను. నాది సెల్‌ఫోన్ల దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడే కొలువు. గిరాకీ లేనప్పుడు వీడియోలు చూస్తే, అందులో ఒక తెల్లాయన తన రేసు సైకిలును చిటికెన వేలితో లేపి చూపించాడు. కార్బన్‌తో చేసిందట, ఎనిమిది కిలోల లోపేనట. పేరున్న కంపెనీవి మన జన్మలో కొనలేం గానీ, పేరూ ఊరూ లేని కార్బన్ ఫ్రేము చైనా నుంచి తెప్పించుకుని, చక్రాలు ఒకచోట, గేర్లు ఇంకోచోట కొని మనమే బిగించుకోవచ్చని ఇంకో వీడియో చెప్పింది. మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి పని నాకు అంతవరకు దొరకలేదు.

ఫ్రేము వచ్చిన రోజు బాపు ఆ డబ్బాను ఒంటి చేత్తో లేపి, ఖాళీ డబ్బా పంపిండ్రు, వాపస్ ఇచ్చెయ్ అన్నాడు. విప్పి చూపించి కార్బన్ అంటే, రసీదు కింద పెట్టే నల్ల కాయితమే కదా అన్నాడు. భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పనిచేసే మా చిన్నాయన అయితే ఫోన్‌లో నొచ్చుకున్నాడు. బొగ్గుతోటే చేసేదుంటే ఇక్కడ లారీలకు లారీలు ఉంది, అడిగితే పంపకపోతానా అని ఆయన బాధ. బాపు మాత్రం ఫ్రేము చుట్టూ రెండుసార్లు తిరిగి, నా మొహంలోకి చూశాడు.

"ఎక్కువ పైసలిచ్చి తక్కువ బరువు కొన్నోన్ని నిన్నే చూసిన్రా. సరే, ఎంత తూగుతదంటవ్?"

"ఎనిమిది కిలోల లోపు, బాపు."

"నా కాంటా మీద ఎనిమిది లోపు తూగి, దాని మీద మానుకోట దాక మీ అక్కింటికి పోయినవనుకో, ఇగ నిన్ను సగం అని పిలువ."

(మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. అక్కను అక్కడే ఇచ్చారు.) ఆ మాటతో నా సైకిలు కాస్తా నా పేరైపోయింది.

బిగింపు పని స్టేషన్ రోడ్డులోని చాచాకు అప్పజెప్పాను. చిన్నప్పటి నుంచి మా ఇంటి సైకిళ్లన్నిటికీ ఆయనే వైద్యుడు. నలభై ఏళ్లుగా ఇనుముతో కొట్లాడిన చేయి ఆయనది. నట్టు కీచుమని ఏడిస్తే గానీ బిగించినట్టు కాదని ఆయన నమ్మకం. కార్బన్‌ను అట్లా బిగిస్తే పగులుతుంది. బిగువును కొలిచే పానా ఒకటి ఉంటుందట గానీ, అది జనగామలో ఎవరి దగ్గరా లేదు. చాచా పానా పట్టినప్పుడల్లా నేను ఆయన మణికట్టు పట్టుకునేవాణ్ని. రెండు రోజులు ఓపిక పట్టి, చివరికి "అరే బేటా, గిది సైకిలా, గాజుల దుకాణమా?" అన్నాడు. బాగా ఆలోచించి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. కార్బన్ తగిలిన చోటల్లా చాచా ఎడమ చేత్తో, అదీ రెండు వేళ్లతోనే బిగించాలి. కుడి చేయి ఆ సేపు వీపు వెనక పెట్టుకోవాలి. వచ్చీపోయే వాళ్లు చాచా చేతికి ఏమైందని అడిగితే, ఆయన నా దిక్కు చూపించేవాడు.

బ్రేకు తీగ ఫ్రేము లోపలి నుంచి పోవాలి. ఈ చివర దూర్చితే ఆ చివర రాదు. ఫ్రేమును తలకిందులు చేశాం, ఊపాం, ఊదాం. అయిస్కాంతం పెట్టి లాగితే మధ్య దాకా వచ్చి జారిపోయింది. మూడో రోజు సాయంత్రం నాకు సద్ది తెచ్చిన అవ్వ కాసేపు నిలబడి చూసి, గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసింది. తీగ కొసకు దాన్ని గుచ్చి, లంగాలో బొందు ఎక్కించినట్టు బయటి నుంచి వేళ్లతో తడుముతూ ఫ్రేమును వంచుకుంటూ పోయింది. మేం టీ తాగేలోగా తీగ అవతల తేలింది. గింతదానికి ఇద్దరు మొగోళ్లా అని కూడా అనలేదు, పిన్నీసు మళ్లీ గాజుకు తగిలించుకుని పోయింది.

సీటు సంగతి మాత్రం అట్లా తేలలేదు. పైపు కనపడితే గ్రీజు పెట్టడం చాచాకు పుట్టుకతో వచ్చిన గుణం. కార్బన్ సీటు గొట్టానికి గ్రీజు అసలు తగలకూడదు. తగిలాక ఏమైందంటే, నేను ఎక్కి కూర్చోగానే సీటు లిఫ్టులా మెల్లగా కిందికి దిగింది. ఇంకా బిగిద్దామంటే పగుళ్ల భయం. గ్రీజంతా తుడిచేసి చాచా గడ్డం గోక్కున్నాడు. జారుతోందంటే లోపల గరుకు కావాలన్నమాట, గరుకంటే ముగ్గుపిండి. అవ్వ ముగ్గు డబ్బాలోంచి పిడికెడు తెచ్చి గొట్టానికి పట్టించాం. నిలబడింది, దాదాపుగా.

కాంటా రోజు నేను చేసిన పనులు చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గే. గంట ఊడదీశాను. నీళ్ల సీసా పెట్టే చట్రం ఊడదీశాను. కిరోసిన్ గుడ్డతో దుమ్ము తుడిచాను. అదీ చాలదని రెండు ట్యూబుల్లోని గాలి కూడా తీసేశాను. (గాలికి బరువుంటుందని ఏడో తరగతి సైన్సులో చదివాను. నేను పూర్తిగా చదివిన పాఠాల్లో అదొకటి.) గాలి లేని సైకిలును తోసుకుపోలేక, భుజాన వేసుకుని బస్తాల మధ్య నుంచి నడిచాను. హమాలీలు దారి ఇచ్చారు. తరిగొప్పుల నుంచి పత్తి తెచ్చిన ఒక పెద్దాయన తన వంతు ఆపి మరీ చూస్తున్నాడు.

సైకిలును కాంటా మీద పడుకోబెట్టాను. అంకె అటూ ఇటూ ఊగి నిలబడింది. ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు. ఇన్ని రోజుల పని, చాచా ఎడమ చేయి, అవ్వ పిన్నీసు, అన్నీ నాలుగు వందల గ్రాముల దగ్గర సగమైపోయాయి. బాపు అద్దాలు సర్దుకున్నాడు. రోజూ చదివే రాగంలోనే చదివాడు.

"ఎనిమిది కిలోల నాలుగు వందలు. తరుగు అర్ధకిలో. ఏడు కిలోల తొమ్మిది వందలు."

చిట్టీ రాసేవాడు అలవాటు కొద్దీ రాసేశాడు. తర్వాత హమాలీలు బస్తాల మీద పడి పడి నవ్వారు. నేను సైకిలు ఎత్తుకుని గెంతుతుంటే తరిగొప్పుల పెద్దాయన, తరుగు తీస్తే ఎగురుతున్నడేందే గీ పిలగాడు అని పక్కవాణ్ని అడిగాడు. బాపు అప్పటికే తర్వాతి బస్తా చదువుతున్నాడు.

మర్నాడు తెల్లవారగానే బయలుదేరుతుంటే అవ్వ ఒక సంచి తెచ్చి వీపున తగిలించింది. మామిడికాయ తొక్కు సీసా, పెసర్లు, మక్కగారెలు, ఒక సొరకాయ. గ్రాము గ్రాము తగ్గించిన సైకిలు అవ్వా ఇది, అని మొత్తుకున్నాను. "ఆడబిడ్డ ఇంటికి ఉత్త చేతులతోటి పోతవా, కొడుకా?" అంది. దానికి జవాబు ఏ వీడియోలోనూ లేదు. బాపు గడపలో నుంచే సంచిని లేపి చూసి, తొమ్మిది కిలోలు అన్నాడు. దానికి తరుగు తీయలేదు.

పాలకుర్తి దాకా గాలిలో తేలినట్టే పోయాను. ఆ తర్వాత రోడ్డు మీద వడ్లు ఎండబోసి ఉన్నాయి. నా టైర్లేమో వేలెడు వెడల్పు, వడ్ల మీదికి పోతే పడతాను. దిగి, సైకిలును భుజానెత్తుకుని, వీపున సొరకాయతో వడ్ల అంచున నడిచాను. కావలి కూర్చున్న ఒక ముసలమ్మ, సైకిల్ మనిషిని మోసుడు చూసినం గని గిదేంది బిడ్డా అని జాలిపడింది. తొర్రూరు దాటాక ముగ్గుపిండి చేతులెత్తేసింది. ఒక్కో స్పీడు బ్రేకరుకు సీటు ఒక్కో వేలు దిగుతోంది. పైకి లాగుదామంటే చాచా పానా జనగామలో ఉంది, దాన్ని తిప్పే ఎడమ చేయి కూడా అక్కడే ఉంది. మానుకోట చేరేసరికి మోకాళ్లు చెవులకు తగులుతున్నాయి. ఆటోవాళ్లు పిల్లల సైకిలు అనుకుని పక్కకు జరిగి దారి ఇచ్చారు. అయినా ఆ వడ్ల దగ్గర తప్ప కాలు కింద పెట్టలేదు.

గుమ్మంలో అక్క నన్ను చూసి, కోడి పొదిగినట్టు కూసున్నవేందిరా అంది. వెంటనే ఫోన్ కలిపింది.

"బాపు, సగం వచ్చిండు."

అవతల కాంటా చప్పుడు, హమాలీల కేకలు. వాటి మధ్య నుంచి బాపు గొంతు వచ్చింది. "సగమెట్ల వస్తడు బిడ్డా. పూరాగ వచ్చిండు."

నాకు ఏడుపొచ్చింది. చెమట అని చెప్పి అక్క కొంగుతో తుడుచుకున్నాను. (తిరిగి రైల్లో వచ్చాను. పోవాలన్నాడు గానీ, రావాలని ఎవరూ అనలేదు కదా.)

ఆ సైకిలు ఇప్పుడు మా ముందరి గదిలో కొక్కేనికి వేలాడుతోంది. సగం రంగు గోడ కనపడకుండా సైకిలుకు ఎదురుగా కుర్చీ వేసుకుంటాను. బాపు కాంటా పని మానేశాడు. మొన్న ఎండాకాలం మామిడిపండ్లు తింటూ, ఆనాడు తరుగు అలవాటులో తీసినవా, కావాలని తీసినవా అని అడిగాను. ఆయన టెంక పూర్తిగా చీకి పక్కన పెట్టాడు. "ముప్పయ్యేండ్లు తరుగు తీసిన. తీసినప్పుడల్లా ఎవడో ఒకడు మొకం మాడ్చుకునే పాయె. ఒక్కడన్న సంబురపడంగ చూద్దామనిపించింది రా."

ఇప్పుడు నాకు బీపీ. నెలనెలా దవాఖానకు పోతే ముందు కాంటా ఎక్కిస్తారు. సిస్టరమ్మ "ఎనభై నాలుగు" అని చదివి రాసుకుంటుంది. నేను మాత్రం దిగకుండా ఒక్క క్షణం అక్కడే నిలబడతాను, ఇంకో మాట ఏదో రావాల్సి ఉన్నట్టు.