కాలేజీ వైపు పెట్టెలో పడని బ్యాలెట్

2022 అక్టోబరులో ఒంటారియో అంతటా మునిసిపల్ ఎన్నికలు జరిగిన రోజున నన్ను మా ఊరి కాలేజీ జిమ్‌లో పెట్టిన పోలింగు కేంద్రానికి సూపర్‌వైజరుగా వేశారు. అప్పటికి టౌన్ ఆఫీసులో డెప్యూటీ క్లర్కుగా నాది పద్దెనిమిదో ఏడు. ఇక్కడ క్లర్క్ అంటే ఊరి రికార్డులన్నిటికీ పెద్ద, ఎన్నికలప్పుడు రిటర్నింగ్ ఆఫీసరు. ఆయన తర్వాత నేనే.

మాది టొరంటో పక్కనున్న స్కార్‌బరో నుంచి రెండు గంటలు డ్రైవ్ చేస్తే వచ్చే చిన్న ఊరు. మునిసిపల్ బ్యాలెట్ మీద పార్టీ పేర్లు ఉండవు. అయినా ఎవరు ఏ పార్టీ మనిషో ఊరందరికీ తెలుసు. సరస్సు వైపు పాత ఇళ్లవాళ్లు పన్నులు పెంచనన్న వాళ్లకే వేస్తారు. ఆసుపత్రి చుట్టూ ఉండే నర్సులు, టీచర్లు దానికి ఎదురు వేస్తారు. పెట్టెలు తెరవక ముందే ఏది ఎటు మొగ్గుతుందో చెప్పేదాన్ని, దాదాపు ఎప్పుడూ తప్పేది కాదు. ఆ విషయంలో నాకు కాస్త గీర కూడా ఉండేది.

ఆ ఏడు గొడవంతా కాలేజీ వైపే. మన తెలుగు పిల్లలు, పంజాబీ పిల్లలు విమానాలు దిగుతూనే ఉన్నారు. ఒక్కో ఇంట్లో ఎనిమిదేసి మంది, బేస్‌మెంట్లో మరో నలుగురు. అద్దె ఇళ్లకు లైసెన్సు పెట్టాలని ఒక వర్గం, వద్దని ఇంకో వర్గం. ప్రచారమంతా ఆ పిల్లల చుట్టూనే తిరిగింది గానీ వాళ్లకు ఓటు లేదు. ఇక్కడ ఓటు కెనడా పౌరులకే.

మధ్యాహ్నం దాటాక గోర్డన్ అనే పెద్దాయన నవ్వుతూ నా దగ్గరికి వచ్చాడు. రిటైరైన పోస్ట్‌మాన్, ఆ రోజు బ్యాలెట్లు ఇచ్చే పని ఆయనది. ఒకమ్మాయి వేలికి ఇంకు ఎక్కడ పూస్తారని అడిగిందట. ఇక్కడ ఇంకు పూయరు, అలా అడిగేది ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లే. నాకు నవ్వు రాలేదు. తిరిగి చూసేసరికి ఆ అమ్మాయి తెర వెనక నుంచి మడిచిన బ్యాలెట్‌తో పెట్టె వైపు వస్తోంది. నేను వెళ్లి పెట్టె కంత మీద చెయ్యి పెట్టాను.

"కెనడాకి ఎప్పుడొచ్చావమ్మా?" అని, కార్డు మీద తెలుగు పేరు చూసి, తెలుగులో అడిగాను.

"పోయిన సెప్టెంబర్ల మేడం." నా మొహం చూసి కంగారు పడింది. "నా పేరు మీదనే కార్డొచ్చింది. ఓటెయ్యకపోతే లిస్టులకెళ్లి తీసేస్తరు గదా!"

పేరు శ్రావణి, ఊరు కరీంనగర్. చేతిలో టౌన్ పంపిన ఓటరు కార్డు, ఆమె పేరుతోనే ఉంది. ఇంటి యజమాని అద్దెదారుల పేర్లన్నీ రాసి ఫారం పంపాడు. పౌరసత్వం గడి ఖాళీగా ఉన్నా మా ఆఫీసు పేర్లు ఎక్కించింది. పేరు జాబితాలో ఉంది, డ్రైవింగ్ లైసెన్సులో అడ్రసు సరిపోయింది, గోర్డన్ నిబంధన ప్రకారమే బ్యాలెట్ ఇచ్చాడు. అది పెట్టెలో పడితే పౌరురాలు కాని మనిషి ఓటు వేసినట్టే. అది నేరం. రేపు పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, అప్లై చేసినప్పుడు ఆ ఒక్క మాట చాలు, అంతా మట్టిలో కలిసిపోవడానికి.

ఎవరు రమ్మన్నారని అడిగాను.

"వాట్సాప్‌ల వాయిస్ మెసేజ్ వచ్చింది మేడం." ఫోను తీసి చూపించింది. "అది మీ గొంతే కదా, ఆంటీ?"

నాదే. రెండు వారాల క్రితం తెలుగు సంఘం గ్రూపు కోసం రికార్డు చేశాను. మీ పేరుతో కార్డు వస్తే ఐడీ తీసుకుని తప్పకుండా వచ్చి ఓటు వేయండి అన్నాను. నా లెక్కలో తెలుగువాళ్లంటే డాక్టర్లు, ఇంజనీర్లు, ఏనాడో పౌరసత్వం తీసుకున్నవాళ్లు. ఆ మెసేజ్ విద్యార్థుల గ్రూపులకు పాకుతుందని నాకు తట్టలేదు.

"ఇంకెవరైనా వస్తున్నారా?"

"మా ఇంట్ల అందరం ఆంటీ. క్లాస్ అయినంక."

ఈలోగా ఒక అభ్యర్థి ఏజెంటు దగ్గరికి వచ్చాడు. లైసెన్సులు పెట్టాలనే వర్గం మనిషి. తనకు అర్థం కాని భాషలో ఏం నడుస్తోందని అడిగాడు, ఆ అమ్మాయి పేరు రాసుకుంటానన్నాడు. బ్యాలెట్ చింపేసి పిల్లను ఇంటికి పంపేస్తే బాగుండునని నాకూ అనిపించింది. కానీ జాబితాలో ఆమె పేరు పక్కన బ్యాలెట్ ఇచ్చినట్టు గుర్తు పడిపోయింది. కాగితం మాయమైతే ఆ గుర్తు ఆమె ఓటు వేసిందనే చెబుతుంది.

అందుకే పద్ధతి ప్రకారం పోయాను. బ్యాలెట్ విప్పకుండా తీసుకుని దాని మీద రద్దు అని రాసి కవరులో పెట్టాను. జాబితాలో గుర్తు సరిచేసి సంతకం చేశాను. పోలింగు రికార్డులో అంతా ఇంగ్లీషులో రాసి ఏజెంటుకి చదివి వినిపించాను: కార్డు మా ఆఫీసు తప్పువల్ల వెళ్లింది, ఓటరు ఏదీ దాచలేదు, డెప్యూటీ క్లర్కు మెసేజ్ విని వచ్చింది, ఓటు పడలేదు. కింద నా పేరు, హోదా. అతను నా మొహం కేసి చూసి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత కారిడార్‌లోకి పోయి కొత్త మెసేజ్ రికార్డు చేయబోయాను. "ఓటరు కార్డు వచ్చిన వాళ్లందరికీ..." అని మొదలుపెట్టగానే శ్రావణి ఆపింది.

"అట్ల కాదు ఆంటీ. స్టడీ పర్మిట్ మీద ఉన్నోళ్లు రావొద్దు అని ఫస్ట్ చెప్పున్రి. మేం మెసేజ్ మొత్తం వినం."

ఆమె చెప్పినట్టే చెప్పాను. క్లాసు అయ్యాక ఎవరూ రాలేదు.

క్లర్కు మర్నాడు నన్ను పిలిచి ఆ రికార్డు చదివాడు. నన్ను మందలిస్తూ ఒక మెమో ఇచ్చాడు, అది ఇప్పటికీ నా సర్వీసు ఫైల్లో ఉంది. రిటైరయ్యే ముందు మరొక ఎన్నిక చేయించి ఉంటే దాన్ని కొత్తవాళ్లకు చదివించేదాన్ని. కాలేజీ వైపు పెట్టె నేను అనుకున్నట్టే మొగ్గింది. ఓట్లు ఎటు పోతాయో నాకు బాగా తెలుసు. నా మాట ఎవరి దాకా పోతుందో తెలియలేదు. ఎన్నికల పని చేసేవాళ్లు ఎవరు రావాలో చెప్పేముందు ఎవరు రాకూడదో చెప్పాలి. తప్పు జరిగితే రికార్డులో మొదట తమ పేరే రాయాలి.