మూడో ల్యాండింగ్

రిమోట్ విమానాల దుకాణాయన రెండు పెట్టెలు నా ముందు పెట్టాడు. ఒకదానిలో నురగతో చేసిన లావుపాటి పసుపు విమానం. రెక్క నెత్తిమీద, ముక్కు మొద్దుగా, చూడగానే చిన్నపిల్లల స్కూలు బ్యాగు గుర్తొచ్చేలా ఉంది. నేర్చుకునేవాళ్ళకు ఇదే మంచిదని, నెమ్మదిగా ఎగురుతుందని, కంగారుపడి చేతులు వదిలేసినా తనంతట తానే సర్దుకుంటుందని చెప్పాడు. రెండోది వెండిరంగు యుద్ధవిమానం. రెక్క పొట్టకింద, ముక్కుమీద ఎర్రగీత. నలభై నాలుగేళ్ళవాణ్ణి పసుపు బొమ్మ పట్టుకుని పదిమందిలో నిలబడటం నామోషీ అనిపించింది. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. వెండిదే కొన్నాను.

అప్పటికే నాకు విమానం దించడం వచ్చని నా నమ్మకం. నగరం శివార్లలో బొమ్మసంద్ర దగ్గర ఒక ఫ్లాట్‌లో ఒక్కణ్ణే ఉంటాను. ఉద్యోగం ఇంటినుంచే. కెమెరా ఆపుకుని, మైకు ఆపుకుని మీటింగుల్లో కూర్చోవడమే పని. నా భార్యా నేనూ విడిపోయి మూడేళ్ళయింది. గొడవలేమీ లేవు. గొడవ పడేంత మాట కూడా మా మధ్య మిగల్లేదు. ఆమె వెళ్ళాక ఇల్లు నిశ్శబ్దమైపోయిందని చెప్తే అబద్ధం, అంతకుముందూ అలాగే ఉండేది. కాకపోతే ఆ నిశ్శబ్దంలో ఇద్దరం ఉండేవాళ్ళం.

సాయంత్రాలు గడవక కంప్యూటర్లో విమానాలు ఎగరేసే ఆట పెట్టుకున్నాను. నిజం రిమోట్‌నే వైరుతో తగిలించి ఆడాలి. విమానం కూలిపోతే రిమోట్ ఎడమ మూల ఉన్న స్విచ్ లాగితే చాలు, మళ్ళీ రన్‌వే మీద చెక్కుచెదరకుండా నిలబడేది. ఆరు నెలలు రోజూ ఆడాను. కంగారు పుడితే చాలు, నా వేలు నన్నడక్కుండానే ఆ స్విచ్ మీదికి పోయేది.

ఆనేకల్ దాటాక ఒక ఎండిన చెరువులో రన్‌వేలా నేల చదును చేసుకుని ఆదివారం పొద్దున కొంతమంది విమానాలు ఎగరేస్తారని తెలిసి అక్కడికి వెళ్ళాను. అక్కడ మనుషులకు పేర్లుండవు. గ్లైడరాయన, రెండు రెక్కలాయన, ఎర్ర జెట్టాయన, అంతే. కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఒక నమస్కారం పెట్టుకుని ఎవరి ఆకాశం వాళ్ళు చూసుకుంటారు. నాకు సరిగ్గా సరిపోయే చోటనుకున్నాను.

వెండి విమానం ఎగరడం బాగానే ఎగిరింది. అర నిమిషం తర్వాత తిరిగి నావైపు రావడం మొదలుపెట్టింది. విమానం మనకెదురుగా వస్తున్నప్పుడు దాని కుడి మన ఎడమవుతుంది. ఈ సంగతి నాకు తెలుసు, నా వేళ్ళకు తెలియదు. కుడికి తిప్పబోయి ఎడమకు తిప్పాను, అది పక్కకు ఒరిగింది, నా వేలు అలవాటు ప్రకారం ఆ స్విచ్ లాగేసింది. కంప్యూటర్లో అది పునర్జన్మ ఇచ్చే స్విచ్. ఇక్కడ అది మోటారు ఆపే స్విచ్. జాగ్రత్త కోసమని దుకాణాయన నా ఎదుటే పెట్టించాడు, నేనూ తలూపాను. విమానం కిక్కురుమనకుండా పోయి పక్కనున్న కోసిన రాగి చేనులో పడింది. సిగ్గుచేటైన సంగతేమిటంటే, అది పడ్డాక కూడా రెండు క్షణాలు నేను రన్‌వే వైపే చూస్తూ నిలబడ్డాను, అక్కడ కొత్తది ప్రత్యక్షమవుతుందని.

ముక్కలు ఏరుకుంటూ నన్ను నేను తెలుగులో తిట్టుకుంటుంటే, ఆ తిట్లు విని ఒక పెద్దాయన దగ్గరికొచ్చాడు. నగరం నడుమ కాటన్‌పేట బజారులో వాళ్ళ తాతలనాటి బట్టల దుకాణం ఉందని తర్వాత తెలిసింది. ఆనేకల్ మగ్గాల దగ్గర చీరలు ఎత్తుకోవడానికి వచ్చే వాళ్ళ టెంపో, పోతూపోతూ ఆయన్నీ ఆయన విమానాన్నీ మడత కుర్చీనీ చెరువు దగ్గర దించి పోయేది, వస్తూ ఎక్కించుకునేది. విరిగిన రెక్కను తిప్పి చూశాడు.

“ఇది చూసేదానికి బాగుండాది. దించేదానికి కాదప్పా,” అన్నాడు.

మరుసటి ఆదివారం పసుపు మొద్దుతో వెళ్ళాను. ఆయన నవ్వలేదు. ఆ ఒక్క మర్యాదకే నేను ఆయన శిష్యుణ్ణయ్యాను.

రెండు రిమోట్‌లకు మధ్య ఒక వైరు. ఆయన తన రిమోట్ మీద స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపూ విమానం నా చేతిలో ఉంటుంది, వదిలేస్తే ఆయన చేతిలోకి పోతుంది. పక్కపక్కనే భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడాలి. అంత దగ్గరగా ఒక మనిషి నా పక్కన నిలబడి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. కుడిఎడమల లెక్క మరిచిపొమ్మన్నాడు. ఎదురుగా వచ్చేటప్పుడు ఏ రెక్క కిందికి వాలితే రిమోట్ మీది కర్రను అటే జరపమన్నాడు, పడిపోయే పందిరికి గుంజ పెట్టినట్టు. భయమేసినప్పుడు ముక్కు పైకి లాగొద్దని, లాగితే వేగం చచ్చి దబ్బున పడుతుందని, ముక్కు కొంచెం కిందికే ఉంచి మోటారు తగ్గిస్తూ రావాలని, నేల మూరెడు దూరంలో ఉన్నప్పుడు మాత్రమే మెల్లగా ఎత్తాలని చెప్పాడు. నాలుగు ముక్కల్లో తేలిపోయే విద్య. నాకు చేతికి రావడానికి ఏడు ఆదివారాలు, మూడు గమ్ము సీసాలు పట్టాయి.

వాటన్నిటికంటే కష్టమైంది అరవడం. అక్కడ దించబోయే ప్రతివాడూ “ల్యాండింగ్” అని అందరికీ వినబడేలా అరవాలి. ఎవరైనా తన విమానం తెచ్చుకోవడానికి రన్‌వే మీద నడుస్తుంటే పక్కకు తప్పుకోవడానికి. నా నోట్లోంచి ఆ మాట పిల్లికూతలా వచ్చేది. వారంలో ఆరు రోజులు పాలవాడితో, లిఫ్టుతో తప్ప మాట్లాడని గొంతు అంతకంటే ఏం లేస్తుంది? ఎవరూ లేరు కదా, ఎవరికి చెప్పాలని ఒకసారి విసుక్కున్నాను.

“నేనుండాను గదప్పా. నాకు చెప్పు,” అన్నాడు.

విమానం ఆగిన ప్రతిసారీ ఆయన “దిగిందా?” అని అడిగేవాడు. కళ్ళముందే దిగిన దాన్ని దిగిందా అని అడగడం వేళాకోళమనుకుని నేను మొహం మాడ్చుకునేవాణ్ణి. ఆయన మాత్రం నేను దిగింది అనేదాకా వదిలేవాడు కాదు.

శివరాత్రి వెళ్ళాక ఆయన ఒక షరతు పెట్టాడు. వరసగా మూడుసార్లు, మూడుసార్లూ గట్టిగా అరిచి, ఆయన చెయ్యి పడకుండా దించాలి. ఆ రోజే వైరు తీసేస్తాడు. ఆ తర్వాత నా దారి నాదే.

ఆ పొద్దే రెండుసార్లు చక్కగా దించాను. మూడోసారి రన్‌వేకి ఎదురుగా వచ్చి మోటారు తగ్గించబోతుండగా, ఇది దిగితే ఈ పెద్దాయన వచ్చే ఆదివారం తన కుర్చీలో కూర్చుంటాడు, నేను వేరే మూల నిలబడతాను అన్న ఆలోచన వచ్చింది. మోటారు తగ్గించలేదు. విమానం రన్‌వే మీదుగా ఎత్తున సాగిపోయింది. “తప్పిపోయింది సార్” అన్నాను. ఫరవాలేదు, వచ్చే వారం చూద్దామన్నాడు.

తర్వాత అదే నా పద్ధతయింది. రెండు బాగా, మూడోది పాడు. పది ఆదివారాలు అలా గడిపాను. నా వయసువాడు చేసే పనేనా అంటే కాదు. కానీ వారమంతా ఆ ఒక్క తప్పు కోసం ఎదురుచూసేవాణ్ణి. ఆమధ్యనుంచి ఆయన తన విమానం తేవడం మానేశాడు. మోటారు బాగుచేయడానికి ఇచ్చానన్నాడు, నేను పట్టించుకోలేదు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం పక్కగాలి గట్టిగా ఉంది. రెండు దించాను. మూడోదాన్ని ఎప్పటిలా పాడుచెయ్యబోతుంటే గాలి నాకంటే ముందే ఆ పని చేసింది. ఎడమ రెక్క ఒక్కసారిగా వాలి, విమానం బళ్ళు నిలిపిన వైపు జారింది. అక్కడ మనుషులున్నారు. “మీరు తీసుకోండి సార్” అని అరిచాను. ఆయన చూపుడువేలు స్విచ్ మీదనే ఉంది, వదల్లేదు. ఇంకోసారి అరిచాను. కదల్లేదు. ఇక నేనే వాలిన రెక్కవైపు కర్ర జరిపి, మోటారు పెంచి, చుట్టూ తిప్పుకొచ్చి, ఎలా దించానో నాకే తెలియకుండా దించాను. విమానం మాకు కుడివైపు, దూరంగా ఒక బండరాయి పక్కన ఆగింది.

“దిగిందా?” అన్నాడాయన.

కోపంతో ఆయన వైపు తిరిగాను. ఆయన ఎడమవైపు, నీలగిరి చెట్లకేసి చూస్తున్నాడు.

“మీకు కనపడలేదా సార్?”

“ఉగాది కాడ్నుంచి సరిగ్గా కానరాలేదప్పా. పైకి పోయినాక మోటారు సద్దే నాకు విమానం.”

మరి ఇన్నాళ్ళూ నన్నెలా కాచారని అడిగాను. “నేను యాడ కాచినాను? నువ్వే దించుతా ఉండావు. నేను సుమ్నె, ఊరికే స్విచ్ పట్టుకోని నిలబడుకున్నా.”

నెలన్నరగా నా వెనక ఎవరూ లేరన్నమాట. ముందే ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను.

“చెప్తే నువ్వు ఇంకొకర్ని చూసుకుంటావు. ఇంట్లో తెలిస్తే టెంపో ఎక్కనీరు. ఆదివారం పొద్దున నేనేం చెయ్యల్ల చెప్పు?”

కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. మూడోది నేను కావాలనే పాడుచేస్తున్నానని చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు. “తెలుసులేప్పా. రెండుసార్లు సరిగ్గా తగ్గించినోడు మూడోసారి మరిచిపోతాడా? సద్దు వింటే తెల్దా?”

ఇద్దరం నవ్వలేదు. టెంపో హారన్ వినిపించింది. ఆయన కుర్చీ మడుస్తుంటే, ఈ పొద్దు మూడూ దిగాయి కదా సార్, వైరు తీసేస్తారా అని భయంగా అడిగాను.

“మూడోదానికి నువ్వు ల్యాండింగ్ అనలేదు. అది లెక్కకు రాదు. వచ్చే వారం చూస్తాం,” అన్నాడు.

వచ్చే వారం ఆయన రాలేదు. ఆ తర్వాతి వారమూ రాలేదు. కంటి ఆపరేషన్ అయిందని, కొడుకులు ఎండలోకి పంపడం లేదని నేను రాకముందే టెంపో డ్రైవరు చెప్పి పోయాడట. గ్లైడరాయన నాకు చెప్పాడు. ఒక శనివారం కాటన్‌పేట వెళ్ళాను. పేరు తెలియదు, దుకాణం తెలియదు. ప్రతి దుకాణంలోనూ గల్లా దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు. ఒకచోట ధైర్యం చేసి లోపలికెళ్తే ఏం చూపించమంటారని అడిగారు. విమానాలాయన కోసం వచ్చానని చెప్పలేకపోయాను. ఒక తువ్వాలు కొనుక్కుని వచ్చేశాను.

వానలు మొదలయ్యే ముందు ఆదివారం ఒకటి దొరికింది. నా రిమోట్‌కి ఇంకా ఆ వైరు అలాగే వేలాడుతోంది, రెండో కొస ఖాళీగా. మొదటిది దించాను. రెండోది దించాను. మూడోదానికి విమానం చివరి మలుపు తిరిగి నాకెదురుగా వస్తుంటే, చూపులేనివాడికి కూడా తెలిసేంత గట్టిగా “ల్యాండింగ్” అని అరిచాను. ఎర్ర జెట్టాయన ఉలిక్కిపడి చూశాడు. మోటారు తగ్గించాను, ముక్కు కిందికే ఉంచాను, మూరెడు దూరంలో ఎత్తాను. పసుపు విమానం చక్రాల మీద కొంచెం దూరం పరిగెత్తి ఆగింది.

ఎవరూ ఏమీ అడగలేదు. కొంచెంసేపు ఆగి చూశాను.

“దిగింది సార్,” అన్నాను.