జీడిబస్తాల మీద స్తోత్రం

మొజాంబిక్ జీడిగింజలు మొదటిసారి వచ్చినప్పుడు హోసూరు దగ్గర సూళగిరిలో, మేం గింజలు కొట్టే షెడ్డులో కృతజ్ఞతా కూడిక పెట్టారు. తొంభైల చివరి సంగతి. షెడ్డు మా చర్చి సంఘ పెద్ద ఒకాయనది. గింజలు కొట్టే ఆడవాళ్లలో చాలామంది మా సంఘంవాళ్లే. నేనూ అక్కడే పప్పు ఏరేదాన్ని. కూడికలో ముగింపు ప్రార్థన నన్ను చేయమన్నాడు ఆ పెద్ద.

హోసూరులో వాహనాల ఫ్యాక్టరీకి శిక్షణ కోసం వచ్చిన మొజాంబిక్ మెకానిక్ ఒకాయన మా ఆరాధనకు వచ్చేవాడు. ఆయన దేశపు సరుకే కదా అని ఆయన్నీ పిలిచి రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో చెబుతుంటే పాస్టరయ్య తెలుగు చేశాడు.

ఆయన చెప్పింది ఇది. తమ దేశంలో అంతర్యుద్ధం ఆగాక తమ ఊరి జీడి ఫ్యాక్టరీ బాగా నడుస్తుందనుకున్నారు. దేశాలకు అప్పులిచ్చే పెద్ద బ్యాంకువాళ్లు, పచ్చిగింజల ఎగుమతి మీద పన్ను తగ్గించమని షరతు పెట్టారు. ప్రభుత్వం తలూపింది. గింజలు పచ్చివే ఇండియాకు ఓడలెక్కాయి, ఫ్యాక్టరీకి తాళం పడింది. వాళ్లమ్మ అందులోనే గింజలు కొట్టేది.

పాస్టరయ్య మా వైపు తిరిగాడు. "యుద్ధం ఆపి దేవుడు వాళ్లను దీవించినాడంట. వాళ్లమ్మ మీకందరికీ వందనాలు చెప్పిందంట. స్తోత్రం!"

"స్తోత్రం!" అన్నారందరూ.

నాకు ఒళ్లు మండింది. మిషన్ హాస్టల్లో చదివినదాన్ని, ఇంగ్లీషు అర్థమవుతుంది. దేవుని మాట చెప్పాల్సిన నోటితో ఇంత అబద్ధమా? లేచాను. "ఆయన చెప్పినేది అది కాదయ్యా" అని, విన్నదంతా చెప్పాను.

సంఘ పెద్ద ముఖం మాడ్చుకున్నాడు. "ఏమమ్మా, ఈ గింజలు వద్దంటావా? రేపట్నుంచి ఏం కొడతారు, రాళ్లా?"

పక్కనున్నామె జీడిపెంకుల నూనెకు కాలి నల్లబడిన వేళ్లు నా ముందు చాపింది. "ఈ పని పోతే నా పిల్లోళ్లకు ఎవురు పెడతారక్కా? నువ్వా?"

వెనక నుంచి ఇంకొకామె, "ఆ బ్యాంకోళ్లను తెచ్చి ఒక పూట ఈడ కూసోబెట్టండప్పా, వేళ్లు కాలితే తెలుస్తాది!" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒక తల్లి చేతిలో పని లాక్కుని ఇంకో తల్లి చేతిలో పెట్టి, దీన్ని దీవెన అనమంటారా?

"ప్రార్థన క్లుప్తంగా కానియ్యమ్మా" అన్నాడు పాస్టరయ్య.

కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, ఆ తల్లి ఫ్యాక్టరీ తలుపు తెరువు. ఈ తల్లుల కూడు తియ్యకు. రెండూ ఎట్లా చేస్తావో నీకే తెలియాలి. ఈ బస్తాల మీద మేం పలికిన స్తోత్రం మాత్రం నీ దగ్గరికి రానియ్యకు."

వేళ్లు చూపించినామె గట్టిగా ఆమెన్ అంది. అందరూ టీ తాగుతుండగా సంఘ పెద్ద నా దగ్గరికి వచ్చాడు.

"సోమవారం నుంచి నువ్వు రావద్దమ్మా. ఇంట్లోనే కూర్చుని ప్రార్థన చేసుకో."